అష్తర్: ఒక జఖమ్ పేరు

తారీఖ్ కితాబులు తిరగేసిన వాళ్లకి మాలిక్ అష్తర్ పేరు తెలుసు. ఆయన అసలు పేరు మాలిక్ బిన్ హారిస్. కబీలా నఖా. మరి ‘అష్తర్’ ఎక్కణ్నుంచి వచ్చింది? అది ఖాందాన్ పేరు కాదు, జఖమ్ పేరు. క్రీ.శ. 636లో రోమన్ ఫౌజ్‌తో యర్మూక్ దగ్గర జరిగిన జంగ్‌లో ఆయన కంటికి దెబ్బ తగిలింది. రెప్ప చెడిపోయింది. కనురెప్ప ముడుచుకుపోయి తిరగబడితే అరబీలో షతర్ అంటారు. అలాంటి రెప్ప ఉన్న మనిషి అష్తర్.

ఆ తర్వాతి సియాసత్‌లో ఆయన పాత్ర మీద మనలో ఇఖ్తిలాఫ్ ఉంది. ఆ బహస్ ఇక్కడొద్దు. నేను చెప్పదలచుకున్నది ఆ లకబ్ గురించే. ఆయన్ని ఇష్టపడినవాళ్లూ, పడనివాళ్లూ అదే పేరుతో పిలిచారు. ఆ మచ్చ ఆయన ఇజ్జత్‌ని తగ్గించలేదు. కొడుకు ఇబ్రాహీం కూడా తారీఖ్‌లో ‘ఇబ్నుల్ అష్తర్’గానే నిలిచాడు.

మన హకీములు ఈ ఐబ్‌ని నసీబ్ అని వదిలేయలేదు, బీమారీగా చూశారు. బగ్దాద్‌లో కంటి వైద్యుడు అలీ బిన్ ఈసా సుమారు వెయ్యేళ్ల కిందట ‘తజ్కిరతుల్ కహ్హాలీన్’ రాశాడు. కళ్ల జబ్బుల మీద అదొక పెద్ద కితాబు. కుర్తుబా దగ్గర పుట్టిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ (936–1013) తన ‘తస్రీఫ్’లో షతర్ జర్రాహీకి వేరే బాబ్ పెట్టాడు. ఇలాంటి కంటికి కుందేలు కన్ను అనే పేరు అంతకు ముందే యూనానీల్లో ఉంది. కుందేలు కళ్లు తెరుచుకునే నిద్రపోతుందని జనం నమ్మకం.

జహ్రావీ చెప్పిన ఇలాజ్ సాదా మాటల్లో ఇది. గాయం మానేటప్పుడు చర్మం ముడుచుకుని రెప్పని పైకి లాగేస్తుంది. ఆ మచ్చని కోయాలి. కోసిన అంచులు మళ్లీ అతుక్కోకుండా మధ్యలో గుడ్డ వత్తి పెట్టి కట్టు కట్టాలి. పుండుని ఎండబెట్టి బిగించే మందులు వాడితే షతర్ మళ్లీ వస్తుంది కాబట్టి, మెంతుల్లాంటి మెత్తబరిచేవే వాడాలి. ఇవాళ్టి సర్జన్ ఆ ఖాళీలో గుడ్డ పెట్టడు, తరచుగా చెవి వెనక నుంచి తీసిన చర్మం అతికిస్తాడు. కానీ మచ్చ పట్టుని విడిపించాలన్న సూత్రం మాత్రం అదే.

ఇదంతా చోడవరంలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, మనది చెరకు నేల. గోవాడ ఫ్యాక్టరీ, అనకాపల్లి బెల్లం మార్కెట్ మన చుట్టూనే ఉన్నాయి. పెనంలో మరిగే పానకం మొహం మీద చిందితే చర్మానికి అంటుకుని కాలుస్తుంది. వంటింట్లో మరిగే నూనె కూడా అంతే. పుండు మానింది, షుకర్ అనుకుంటాం. నెలలు గడిచేకొద్దీ మచ్చ బిగుసుకుంటుంది, రాత్రి నిద్రలో కన్ను సగం తెరిచే ఉంటుంది. రెప్ప మూసినప్పుడల్లా కంటి మీద కన్నీరు పరుచుకుంటుంది. అది ఆగితే నల్లగుడ్డు ఎండిపోతుంది, పుండు పడుతుంది, చూపు పోవచ్చు. అక్కడ సుర్మా, తేనె, పసర్లు పనిచేయవు. డాక్టర్ రాసిచ్చిన చుక్కలు, రాత్రి మర్హమ్, అవసరమైతే ఆపరేషన్ కావాలి. దూరం కూడా కాదు: విశాఖలో సర్కారీ కంటి ఆసుపత్రి ఉంది, 2006 నుంచి ఎల్వీ ప్రసాద్ వాళ్ల ఆసుపత్రీ ఉంది.

ఇంకో మాట. మొహం మీద మచ్చ ఉన్న ఆడపిల్లని రిష్తా వాళ్ల ముందుకి రానివ్వకుండా గదిలో కూర్చోబెట్టే ఇళ్లు మన మొహల్లాల్లో ఉన్నాయి. ఆసుపత్రికి తీసుకెళితే నలుగురికీ తెలుస్తుందని ఆగిపోయే అమ్మలూ ఉన్నారు. ఆ పరదా వెనక పిల్ల కన్ను ఎండిపోతూ ఉంటుంది. జనం ఏమంటారో తర్వాత చూసుకోవచ్చు. ఈ రాత్రి పిల్ల నిద్రపోయాక ఒకసారి దీపం వెలుగులో చూడండి, రెప్ప పూర్తిగా పడిందో లేదో. పడకపోతే రేపే బస్సెక్కండి.