మా ఊరి పరగణా, మా ఇంటి రౌటరు

మొన్న సెలవులకి మునగాల వెళ్ళినప్పుడు ఇంట్లో రౌటర్ మీద సొంతంగా ఒక డీఎన్ఎస్ సర్వర్ పెట్టాను. పెడుతుంటే మా ఊరి చరిత్ర గుర్తొచ్చింది. నవ్వకండి, సంబంధం ఉంది.

కారణం చిన్నదే. పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి ఇంట్లోనే ఒక పాత కంప్యూటర్లో పెట్టాం. దాన్ని చేరాలంటే 192.168.1.20 అని కొట్టాలి. ఆ అంకె నాన్నకి గుర్తుండదు. రౌటర్ ఒక్కోసారి అంకెనే మార్చేస్తుంది కాబట్టి నాకు గుర్తున్నా లాభం లేదు.

ఇక చరిత్ర. 1940లో మునగాల ఏ జిల్లా? చుట్టూ నిజాం ఇలాకా, పక్కనే సూర్యాపేట. కానీ మునగాల పరగణా మాత్రం మద్రాసు రాష్ట్రం, కృష్ణా జిల్లా, నందిగామ తాలూకా! కొమర్రాజు లక్ష్మణరావు గారు దివానుగా చేసిన జమీందారీ ఇదే. ఇక్కడి సంగతి కావాలంటే పక్కనున్న సూర్యాపేటలో అడిగితే తేలదు, ఎక్కడో ఉన్న బందరు కలెక్టరుని అడగాలి. తర్వాత 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో నల్గొండ జిల్లా, 2014లో తెలంగాణ, 2016లో సూర్యాపేట జిల్లా. ఊరి పేరు అదే, పైవాళ్ళే మారారు.

డీఎన్ఎస్ కథ కూడా ఇదే. మొదట్లో అర్పానెట్‌లోని కంప్యూటర్ల పేర్లన్నీ ఒకే ఫైల్లో ఉండేవి. కాలిఫోర్నియాలో స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం ఆ ఫైలుని చూసుకునేది, మిగతావాళ్ళు కాపీ తెచ్చుకునేవాళ్ళు. కంప్యూటర్లు పెరిగేకొద్దీ అది మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ డీఎన్ఎస్ ప్రతిపాదించాడు. అందులో అసలు కిటుకు వేగం కాదు, అధికారాన్ని పంచడం. ఎవరి పేర్ల జాబితా వాళ్ళే ఉంచుకుంటారు. పైవాడికి తెలియాల్సింది ఫలానా సంగతి ఎవర్ని అడగాలి అన్నది మాత్రమే.

మరి మా ఇంటి పేర్ల సంగతి ఎవరికి తెలుసు? బయట ఎవరికీ తెలీదు, తెలియనక్కర్లేదు కూడా. 192.168తో మొదలయ్యే అంకెలు 1994 నుంచి ప్రైవేటు వాడకానికని వదిలేసినవి, మీ ఇంట్లోనూ అవే ఉండొచ్చు. కాబట్టి జవాబు ఇంట్లోనే ఉండాలి.

2003లో లింక్‌సిస్ తన డబ్ల్యూఆర్‌టీ54జీ రౌటర్ సోర్స్ కోడ్ బయటపెట్టబట్టి, 2004లో ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ మొదలైంది. అందులో సైమన్ కెల్లీ రాసిన డీఎన్ఎస్‌మాస్క్ వస్తుంది. నేను చేసింది మూడే పనులు. కంప్యూటర్ మ్యాక్ అడ్రసుకి ఒక అంకె ఖాయం చేశాను. దానికి ఫోటోలు.ల్యాన్ అని పేరు పెట్టాను. డాట్ ల్యాన్ ప్రశ్నలేవీ బయటికి పంపకుండా చూసుకున్నాను. మిగతా పేర్లని రౌటర్ బయటి సర్వర్ని అడిగి, జవాబుని కాసేపు దాచుకుంటుంది. నెట్ పోయినా ఫోటోలు దొరుకుతాయన్నమాట.

అంతా అయ్యాక నా ఫోన్లోనే పనిచెయ్యలేదు! గంటసేపు రౌటర్ని తిట్టుకున్నాక తెలిసింది, తప్పు నాదే. ప్రైవేట్ డీఎన్ఎస్ కింద ఎప్పుడో ఒక బయటి సర్వర్ పేరు ఇచ్చాను. దాంతో ఫోన్ ఇంటి రౌటర్ని వదిలేసి సముద్రాల అవతలి కంపెనీని మా ఇంటి సంగతి అడుగుతోంది. అలాంటి పేరే లేదని అది చెబుతోంది. ఆటోమేటిక్‌కి మార్చాక సరిపోయింది.

ఆ సదుపాయం చెడ్డదని అనను. మనం ఏ పేర్లు అడుగుతున్నామో మధ్యలోవాళ్ళకి కనపడకుండా కాపాడుతుంది. కానీ అందరం నాలుగైదు పెద్ద సర్వర్లనే అన్నీ అడగడం మొదలుపెడితే, డీఎన్ఎస్‌తో వదిలించుకున్న ఆ ఒక్క ఫైలు దగ్గరికే మళ్ళీ నడుస్తున్నట్టుంది. నా మటుకు నాకు, ఇంటి జాబితా ఇంట్లో ఉండటమే న్యాయం అనిపిస్తుంది.

నాన్న ఇప్పుడు అంకె అడగడం మానేశారు. తాతయ్య ఫోటో ఏ ఫోల్డర్లో ఉందని అడుగుతున్నారు. దానికి నా దగ్గర ఏ సర్వరూ లేదు.