కారు స్పీకర్లు మార్చే ముందు ఈ ముగ్గురి కథ వినండి

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనో సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. నాన్నకి పాత పాటలంటే ప్రాణం. ఊరికి తీసుకెళ్లేటప్పుడు ఆయనకి బాగా వినిపించాలని సగం నెల జీతం పెట్టి డోర్ స్పీకర్లు మార్పించాను. హైవే ఎక్కాక నాన్న ఒకటే మాట అన్నారు: "సౌండ్ పెరిగింది గానీ, పాట వినపడట్లేదురా." తప్పు స్పీకర్లది కాదు. మరి ఎవరిది? కొంచెం వెనక్కి వెళ్దాం.

1930, అమెరికా. పాల్ గాల్విన్ తన కారులో రేడియో బిగించుకుని అట్లాంటిక్ సిటీలో జరిగే రేడియో కంపెనీల సమావేశానికి వెళ్లాడు. లోపల స్టాల్ లేదు. కారు బయటే ఆపి, రేడియో గట్టిగా పెట్టి, వచ్చేపోయేవాళ్లకి వినిపించాడు. ఆర్డర్లు వచ్చాయి. ఆ రేడియో పేరే మోటరోలా. అప్పట్లో పెద్ద తలనొప్పి ఇంజన్ స్పార్క్ వల్ల వచ్చే గరగర. అంటే మొదటి రోజు నుంచే గొడవ స్పీకర్‌తో కాదు, కారుతో!

రెండో సమస్య పవర్. ఇంజన్ ఆన్‌లో ఉన్నా కారు ఇచ్చేది 14 వోల్టుల చుట్టుపక్కలే. ఆ లెక్కన మామూలు స్టీరియో నుంచి 4 ఓమ్స్ స్పీకర్‌కి నికరంగా వెళ్లేది దాదాపు 20 వాట్స్. డబ్బా మీద 50 అని రాసుంటుంది, అది వేరే విషయం. అందుకే 1973లో అరిజోనాలో జిమ్ ఫాస్‌గేట్ కారు కోసమే విడిగా ఆంప్లిఫయర్ తయారుచేశాడు. ఇప్పటి ఆంప్లిఫయర్లు ఆ వోల్టేజీని లోపలే పెంచుకుని స్పీకర్‌కి కావలసిన బలం ఇస్తాయి.

మూడో మనిషి అమర్ బోస్. తండ్రి బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన స్వాతంత్ర్య పోరాట యోధుడు. బోస్ 1956లో ఎంఐటీలో చదువుతూ మంచి స్పెసిఫికేషన్లు చూసి స్టీరియో కొన్నాడు. తీరా వింటే నిరాశే. అచ్చం నాలాగే అన్నమాట! తేడా ఏంటంటే, ఆయన దాని మీదే జీవితాంతం పనిచేశాడు. జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడల్ కాడిలాక్ సెవిల్ లాంటి కార్లకి ఆయన కంపెనీ ఒక సిస్టమ్ చేసింది. సీట్లు, అద్దాలు, లోపలి ఆకారం అన్నీ చూసి, ఆ కారుకి తగ్గట్టే సౌండ్‌ని ట్యూన్ చేశారు. ప్రతి స్పీకర్‌కీ సొంత ఆంప్లిఫయర్.

ఇప్పుడు నా కారు సంగతి అర్థమైంది కదా? స్పీకర్ ముందుకి ఎంత సౌండ్ పంపిస్తుందో వెనక్కీ అంతే పంపిస్తుంది. డోర్ లోపలి రేకుకి కన్నాలుంటే ఆ రెండూ కలిసి బేస్‌ని చంపేస్తాయి. పైగా రేకు అదురుతుంది.

కాబట్టి డబ్బు పెట్టాల్సిన వరస ఇది. ముందు డోర్‌కి డ్యాంపింగ్ షీట్ వేయించి కన్నాలు మూయించండి, అడుగున నీళ్లు పోయే దారి మాత్రం వదిలేయండి. తర్వాత చిన్న ఆంప్లిఫయర్. స్పీకర్లు ఆఖర్న. వైర్లు కోయనివ్వకండి, కప్లర్ అడగండి.

నేనూ ఇదే చేశాను, అవే స్పీకర్లతో. ఈసారి నాన్న ఏమీ అనలేదు. పాట అయిపోయాక మాత్రం, "మళ్లీ పెట్టు" అన్నారు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.