బడి సెలవు చీటి

మన భాషలో ‘సెలవు’ అను మాట చాలా గడుసుది. పెద్దలు పలుకుట సెలవిచ్చుట. వారి యనుమతియు సెలవే. పని లేని దినము సెలవు దినము. చుట్టము పోవునపుడు మనలను కోరునదియు సెలవే. చిన్ననాడు మేనమామగారి యింట పెండ్లికి పోవలసివచ్చి, మా నాన్నగారు వ్రాసియిచ్చిన చీటితో ప్రధానోపాధ్యాయులవారి గది వాకిట నిలిచినపుడు నాకొక సందేహము కలిగినది. కన్నతండ్రి తన బిడ్డను వెంటబెట్టుకొని పోవుటకు ఇతరుల యనుమతి యేల? ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశచరిత్ర చెప్పిన సమాధానములను నేడు మీకు మనవి చేసెదను.

ఆ దేశమున 1870లో ఫార్‌స్టరు మంత్రి తెచ్చిన విద్యాచట్టము, పిల్లలను బడికి రప్పించు నిబంధనలు చేయు అధికారమును స్థానిక విద్యాసంఘముల కిచ్చెను. 1880 నుండి అయిదేండ్లు మొదలు పదేండ్ల వఱకు బడి నిర్బంధమైనది. ఆ నిర్బంధము విహారయాత్రల మీద పుట్టినది కాదు. మిల్లులలోను పొలములలోను పసివారు చేయు కూలిపనియే దానికి ప్రధాన శత్రువు. బిడ్డ తెచ్చు నాలుగు పెన్నీలకు ఆశపడు పేదయింటికిని ఆ బిడ్డ భవిష్యత్తునకును నడుమ చట్టము నిలిచినది.

అయినను బ్రతుకుతెరువు చట్టమునకు వెంటనే లొంగదు. కెంటు మండలమున బీరునకు చేదు నిచ్చు హాప్ పంట సెప్టెంబరులో కోతకు వచ్చును. లండను తూర్పుపేటల తల్లులు పిల్లలను వెంటబెట్టుకొని పోయి, వారముల తరబడి గుడిసెలలో నుండి ఆ కోత కోసెడివారు. వారికి కూలియు అదియే, గాలి మార్పును అదియే. కెంటు పల్లెబడులు వేసవి సెలవులనే కోతకాలమునకు సరిపడ జరుపుకొన్నవి. లాంకషైరు నూలుమిల్లుల పట్టణములలో మఱియొక యేర్పాటుండెను. ‘వేక్సు’ వారమున ఊరిలోని మిల్లులన్నియు ఒక్కసారి మూతపడెడివి, బడులును మూతపడెడివి, ఊరు ఊరంతయు బ్లాక్‌పూలు సముద్రతీరమునకు తరలెడిది. అచ్చట సెలవు చీటితో పనియే లేదు.

కాలక్రమమున ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క సెలవుకాలము వచ్చినది. 1944 నాటి విద్యాచట్టము బిడ్డ ‘క్రమముగా’ బడికి రావలెనన్నది. 2006 నాటి నిబంధనల ప్రకారము, ప్రత్యేక కారణమున్నచో కుటుంబయాత్రకై ఏటికి పది దినముల వఱకు ప్రధానోపాధ్యాయులు అనుమతి నీయవచ్చును. 2013లో ఆ వెసులుబాటును తీసివేసిరి. అసాధారణ పరిస్థితులలో తప్ప సెలవు లేదనిరి.

2015లో ఐల్ ఆఫ్ వైట్ ద్వీపమున ఒక తండ్రి, అనుమతి దొరకకున్నను, కూతురిని ఏడు బడిదినములు అమెరికాకు గొనిపోయెను. 60 పౌనుల జరిమానా వేసిరి. కట్టనందున అది 120 అయినది. నూటికి తొంబది దినములు బడికి వచ్చిన పిల్ల క్రమముగా వచ్చినట్లు కాదా యని ఆయన వాదించెను. క్రింది న్యాయస్థానములు ఔననెను. 2017 ఏప్రిల్ 6న సుప్రీముకోర్టు కాదనెను. ‘క్రమముగా’ అనగా బడి నియమముల ననుసరించి యని తీర్పు చెప్పెను. 2024లో జరిమానా 80 పౌనులకు పెరిగినది. ఇరువదియొక దినములలో కట్టనిచో 160.

ఇంగ్లండున నివసించు తెలుగువారికి ఇది దూరపు ముచ్చట కాదు. సంక్రాంతి వచ్చునపుడు అచ్చట బడులు తెరచియుండును. మతసంబంధమైన పండుగనాటికి మినహాయింపు చట్టముననే కలదు. తాతగారి యూరికి పోయివచ్చుటకు కావలసిన పది దినములకు లేదు. బడుల సెలవులు వచ్చుసరికి విమానపు ఛార్జీలు ఆకాశమునంటును. ధనవంతునకు జరిమానా ప్రయాణపు ఖర్చులలో నొక పద్దు. పేదవానికి అది ప్రయాణమునే ఆపును.

నియమము వలదని నేననను. నియమము లేనినాడు పిల్లలు మిల్లులలో నుండిరి. కాని బిడ్డను కాపాడుటకు పుట్టిన చట్టము, కూలికి పోవు బిడ్డను తాతను చూడబోవు బిడ్డను ఒకే కంట చూడరాదు. ఆ తేడా బిడ్డ నెఱిగిన గురువునకే తెలియును.

ఆనాడు మా ప్రధానోపాధ్యాయులవారు చీటి చదివి, “పెండ్లిలో చూచిన వింతలు వ్రాసికొని రమ్ము” అని సంతకము చేసిరి. నా మొదటి వ్యాసము అదియే.

ఇక నాకును సెలవు.