నరసింహుని మొగము

కన్నడనాట నుండియు ఇంట తెలుగు పలుకు మా బట్లహళ్ళి ప్రాంతమువారము, అరవనాట తెలుగు నాటకమును నిలిపిన మేలట్టూరును తలచినపుడెల్ల పులకింతుము. తంజావూరు నాయకరాజు అచ్యుతప్ప ఆ గ్రామమును తెలుగు భాగవతులకు దానమొసగెనని ప్రసిద్ధి. మరాఠా రాజుల కాలమున వేంకటరామశాస్త్రిగారు అచట ప్రహ్లాదచరిత్రమును రచించిరి.

ఆ నాటకమునకు ప్రాణము నరసింహుని మొగము. అది వట్టి వేషసామగ్రి కాదు, పూజలందుకొను మూర్తి. దానిని ధరించు నటుడు ఆనాడు ఉపవాసముండును. ఉగ్రావేశమున నతనిని ప్రక్కవారు పట్టి నిలుపవలసివచ్చును.

మొగములు చేయుట మన జాతికి క్రొత్త గాదు. తెలంగాణమున చేర్యాల నకాషీలు కొబ్బరిచిప్పపై రంపపుపొట్టును చింతగింజల జిగురుతో కలిపి మెత్తి, కనుముక్కులు తీర్చి, ఆరిన పిదప రంగులు దిద్దుదురు. ఖర్చు స్వల్పము, ఓర్పు అధికము.

మేలట్టూరి నటులలో పెక్కురు నేడింట పలుకునది అరవమే. అయినను రంగమెక్కిన రాత్రి తెలుగు తప్పరు. మన బాలురు బడిలో కన్నడము చదువుచున్నారు, అది ఉచితమే. సెలవులలో వారిచేత రాక్షసుల మొగములు చేయింతము. ఆ మొగములకు తెలుగు మాటలను గూడ నేర్పుదము. పలుకులేని మొగము కొయ్యబొమ్మయే గదా!