ఏలేశ్వరం అవ్వ

ఏలేశ్వరం అనే ఊరు నాగార్జునసాగర్ ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది. ఆ సంగతి ముందే తెలుసు గనుక, ఈ అవ్వ బతుకులో ఏ మంచి రోజును తలుచుకున్నా దాని వెనుక కృష్ణ నీళ్లు పైకి వస్తున్నట్టే ఉంటుంది.

అవ్వ అంటే ఒక్కతి కాదు. నిజాం ఏలుబడిలో పుట్టి, నల్లగొండ జిల్లా కొసన కృష్ణ ఒడ్డు పల్లెలకు కోడళ్లయి వచ్చిన ఆడబిడ్డలందరినీ అవ్వ అని పిలుచుకుంటున్నాను. చెల్కలో జొన్న కోసింది. వెట్టి చూసింది, రజాకార్ల భయం చూసింది. 1948 సెప్టెంబరులో నిజాం రాజ్యం పోయినప్పుడు, ఇక బతుకు మనదే అనుకుని ఉంటుంది. అట్లా అనుకోవడానికి ఏడేళ్లే మిగిలాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశారు.

కట్ట లేస్తుండగానే పురావస్తు శాఖ వారు ఏలేశ్వరంలో మట్టి తవ్వారు. నదికి అవతల నాగార్జునకొండ లోయలో విహారాలనూ స్తూపాలనూ విప్పి, కొన్నింటిని కొండ మీదికీ అనుపు అనే చోటికీ చేర్చి మళ్లీ నిలబెట్టారు. ఆ శ్రమకు చేతులెత్తి మొక్కాలి. ఆ లోయలో దొరికిన ఒక శాసనంలో బోధిసిరి అనే ఉపాసిక ఉంది. రాణి కాదు. 1,700 ఏళ్ల కిందట చైత్యం కట్టించి, పుట్టింటివాళ్లనూ అత్తింటివాళ్లనూ వరుసగా తలుచుకుని, ఆ పుణ్యంలో అందరికీ భాగం ఇచ్చింది. చదువుతుంటే గుండె నిండుతుంది. వెంటనే, ఇట్లా పేరు రాయించుకోలేని అవ్వ గుర్తొస్తుంది.

పునాదికీ నీళ్లకూ నడుమ దాదాపు పన్నెండేళ్లు. ఎంత వ్యవధి! కాలువ పారబోయే నేలలోనే మునిగే ఊళ్లకు ముందుగా చోటు చూపించి ఉంటే, ఊరిని ఊరుగా కదిలించి ఉంటే, పరిహారం కాగితంలో పెనిమిటి పక్కన అవ్వ పేరూ రాసి ఉంటే! భూమి పరిహారం పట్టా ఉన్నవాళ్లకు. పట్టా చాలా ఇళ్లలో మగవాళ్ల పేరున. కలుపు తీసిన చేతులకు, కూలికి పోయిన కాళ్లకు ఏ పట్టా ఉంటుంది? చేతికి వచ్చిన పైసలు మళ్లీ నేలగా మారేలోపే కరిగిపోయే సొమ్ము.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ హాలియా పక్కగా సాగి, మెట్ట చెల్కలను వరి మళ్లు చేసింది. ఆ వరితో కడుపు నిండినవాళ్ల సంతోషం నిజం, దాన్ని తక్కువ చేయలేను. ఆ కాలువను నింపే జలాశయం కిందే అవ్వ పొయ్యి ఉందన్నదీ నిజమే.

ఏలేశ్వరం గట్టు మాత్రం నీళ్ల నడుమ మిగిలింది. శివరాత్రికి భక్తులు పడవల మీద పోతారు. ఆనాటి కోడళ్లు ఎక్కడైనా బతికి ఉంటే తొంభైకి అటూ ఇటూగా ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని అడిగి రాసుకోవాలి: ఏ వాడలో ఎవరిల్లు, ఏ చెల్క ఎవరిది, పుట్టింటివాళ్లు ఎవరు, అత్తింటివాళ్లు ఎవరు, ఊరు విడిచిన నాడు బండిలో ఏం పెట్టుకున్నారు, ఏం వదిలి వచ్చారు.