మొక్కజొన్న పాము: వర్ణభేదములు, పెంపకము, విక్రయము

కార్న్ స్నేక్ అను పేర పెంపుడు జంతువుల అంగళ్లలో ప్రసిద్ధమైన ఈ నిర్విష సర్పము, శాస్త్రనామమున పాంథెరోఫిస్ గుట్టాటస్, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఆగ్నేయ భాగమున, న్యూజెర్సీ మొదలు ఫ్లారిడా దక్షిణపు దీవుల వరకు, పైన్ అడవులయందును పాడుబడిన పొలముల కొట్టములయందును ఎలుకలను వేటాడి జీవించును. మన జెర్రిపోతుతో ఒకే కుటుంబమునకు చెందినదైనను అంత పొడవు పెరుగదు. సాధారణముగా 60 మొదలు 150 సెంటీమీటర్ల వరకుండును, స్వభావముచేత సాధువు. 1766లో లిన్నేయస్ దీనిని కొలూబర్ ప్రజాతియందు చేర్చెను. ఇరువదవ శతాబ్దమున చిరకాలము ఎలాఫీ గుట్టాటా అని వ్యవహరింపబడి, 2002లో వెలువడిన పరిశోధనల పిమ్మట నేటి ప్రజాతికి మారినది.

అడవిలోని పామునకు నారింజ లేక బూడిద వన్నె నేలపై ఎఱ్ఱని మచ్చలును, ఆ మచ్చల చుట్టు నల్లని అంచులును, అడుగున నలుపు తెలుపుల గడులును కానవచ్చును. ఎఱుపు, నలుపు అను ఈ రెండు వన్నెలు వేర్వేరు జన్యువుల అధీనమున నుండుటచే, ఒకటి లోపించినను రెండవది నిలుచును. పెంపకందారుల వ్యాపారమున కిదియే పునాది.

నలుపు లోపించిన మగపాము నొకదానిని 1953లో ఉత్తర కారొలైనాలో పట్టిరి. జార్జియా రాష్ట్రపు వాల్డోస్టా పట్టణమున చర్మవైద్యుడైన బెర్నార్డ్ బెక్టెల్, ఆయన భార్య ఎలిజబెత్ కలిసి దాని సంతతిని పెంచి, ఈ లక్షణము అంతర్గత జన్యువుచే సంక్రమించునని నిరూపించి, ఆ ఫలితమును 1962లో కోపియా పత్రికయందు ప్రకటించిరి. బంధనమున పుట్టిన మొదటి ఎఱ్ఱ పిల్లల సంవత్సరమునుగూర్చి పెంపకందారుల లెక్కలు కొంత భేదించుచున్నవి. వ్యాసము వెలువడిన కాలమును బట్టి చూడగా 1961 అనునదియే ఎక్కువ సమంజసముగా తోచును. అర్ధశతాబ్దమునకు పైగా గడచిన పిమ్మట, 2015లో, జెనీవా విశ్వవిద్యాలయపు పరిశోధకులు ఈ లోపమునకు కారణము ఓసీఏ2 అను జన్యువులో ఒక సంచార జన్యుఖండము చొచ్చుకొనియుండుట యని కనుగొనిరి. మనుష్యులలో బొల్లితనముగాక పుట్టుకతో వచ్చు వర్ణహీనతకును ఈ జన్యువే ఒక కారణము. 2020లో అదే బృందము లావెండర్ అను రూపమునకు ఎల్‌వైఎస్‌టీ జన్యువు మూలమని చూపెను.

ఎఱుపు లోపించిన అనెరి రూపము దక్షిణ ఫ్లారిడా అడవులలోనే లభించినది. ఇది పుట్టునప్పుడు నలుపు, బూడిద వన్నెలతో నుండి, పెద్దదైనకొలది మెడ ప్రక్కల పసుపు తేరును. నలుపు లేనిదానిని ఎఱుపు లేనిదానితో జతపరచినచో పుట్టిన పిల్లలన్నియు అడవిపాములవలెనే యుండును. ఆ పిల్లలను తమలో తాము జతగూర్చినప్పుడు సగటున పదునారింట ఒకటి రెండు వన్నెలును లేక తెల్లగా పుట్టును. అదియే స్నో.

అంగడిలోని పేర్లు వందలకొలది, జన్యువులు మాత్రము కొన్నియే. కాండీకేన్ అనునది నలుపు లేని పాములలో నేల తెల్లగా నున్నవాని నేరి పెంచిన వంశమే గాని వేరొక ఉత్పరివర్తనము కాదు. ఓకీటీ మఱియొక తరగతి: దక్షిణ కారొలైనా జాస్పర్ మండలమందలి ఒక వేటక్లబ్బు భూములలో దొరకు, వెడల్పైన నల్లని అంచులు గల పాములకు ఆ పేరు, స్టాటెన్ ద్వీపపు జంతుశాలాధికారి కార్ల్ కాఫెల్డ్ తన 1957 నాటి గ్రంథమున వీనిని వర్ణించిన పిమ్మట కీర్తి హెచ్చినది. ఎచ్చట పుట్టినను అంచు దళసరిగా నున్న ప్రతి పామును నేడు ఓకీటీ యని అమ్ముట పరిపాటి. అది సరియైన వాడుక కాదు. అల్ట్రా అను రూపము బూడిద రంగు ఎలుకపాముతో జరిగిన సంకరమువలన వచ్చినదని పలువురి అభిప్రాయము, కొందరు దాని నంగీకరింపరు.

పెంపకపు క్రమ మిట్లుండును. శీతకాలమున రెండు మూడు నెలలు పాములను ఆహారము లేక చల్లని గదిలో నుంచి, వసంతమున మరల వెచ్చదనమిచ్చి మేపి, ఆడుదాని తొట్టెలో మగదానిని వదలుదురు. ఆడుది గ్రుడ్లు పెట్టుటకు ముందు ఒకమారు కుబుసము విడుచును. అటుపిమ్మట పదిదినముల కటునిటుగా, తేమగల నాచు నింపిన పెట్టెలో పది మొదలు ముప్పది వరకు తోలువంటి మెత్తని పెంకు గల గ్రుడ్లు పెట్టును. వీనిని పెట్టినపుడు పైకున్న వైపు మారకుండ తీసి, తడిపిన వర్మిక్యులైటులో సుమారు 28 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియం దుంచినచో, రెండు నెలలకు పిల్ల ముక్కుకొననున్న చిన్న పంటితో పెంకును చీల్చి, తల మాత్రము బయట పెట్టి, ఒకటి రెండు దినములు గ్రుడ్డులోనే యుండి, తీరికగా వెలువడును. మొదటి కుబుసము విడిచినగాని మేయదు. అప్పుడే పుట్టిన ఎలుకపిల్లను ముట్టని మొండిపిల్లలకు, బల్లి వాసన తగిలించి ఆ ఎలుకనే ఇచ్చుట పెంపకందారుల పాత ఉపాయము.

వరుసగా కొన్ని మేతలు తిన్నదానినే అమ్ముట మర్యాద. సంతలలో ఒక్కొక్క పిల్లను రంధ్రములు గల చిన్న మూతడబ్బాలో నుంచి, మూతపై రూపము, పుట్టిన సంవత్సరము, 1.0 అనిన మగ, 0.1 అనిన ఆడ యను సంకేతము వ్రాయుదురు. 1990లో ఆర్లాండోలో ప్రారంభమై తరువాత డేటోనా బీచికి మారిన సరీసృపముల సంత, జర్మనీలో హామ్ పట్టణపు టెరారిస్టికా ఇందు పేరుపొందినవి. డబ్బాపై 'హెట్' అని యున్నచో ఆ పాము పైకి కనబడని అంతర్గత జన్యువును మోయుచున్నదని యర్థము. '66 శాతము హెట్' అనిన, ఇద్దరు హెట్ల సంతతిలో సామాన్యముగా కనబడు మూడింట రెండు దానిని మోయవచ్చునని యర్థము. కంటికి రుజువులేని ఈ గుణమునకే అధిక మూల్య మిచ్చుచున్నందున, క్రయమంతయు అమ్మువాని వంశపట్టికపై గల విశ్వాసము మీద నడచును. ఆడుది మూడవయేటికే ఈడేరి ఏటేట గ్రుడ్లు పెట్టుటచే, క్రొత్తరూపము ధర కొలది సంవత్సరములలోనే దిగిపోవును.

సంకిస్డ్ అను రూపపు వంశములలో స్టార్‌గేజర్ అను అంతర్గత దోషము వ్యాపించియున్నది: ఆ పిల్ల తల వెనుకకు వాల్చి మెలికలు తిరుగుచు, వెల్లకిల పడుచుండును. దీనికి మందు లేదు. కావున ఆ వంశపు పామును కొనువారు, తల్లిదండ్రులకు ఈ దోషమునుగూర్చి పరీక్ష జరిగినదో లేదో వ్రాతమూలముగా అడిగి తెలిసికొనవలెను.