సప్తవర్ష సంగ్రామం – కృష్ణా డెల్టా

సప్తవర్ష సంగ్రామం 1756 నుంచి 1763 వరకు యూరప్, ఉత్తర అమెరికా, కరేబియన్ దీవులు, పశ్చిమ ఆఫ్రికా, భారతదేశం, ఫిలిప్పీన్స్‌లలో సాగిన యుద్ధం. బ్రిటన్, ప్రష్యా ఒక పక్షం. ఫ్రాన్స్, ఆస్ట్రియా, రష్యా, చివర్లో స్పెయిన్ మరో పక్షం. తెలుగు నేల మీద దీనికి రెండు ప్రధాన ఘట్టాలున్నాయి. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో జరిగిన పోరు మొదటిది, 1759 మార్చి–ఏప్రిల్ నెలల్లో జరిగిన బందరు కోట ముట్టడి రెండోది. కోస్తా తెలుగు ప్రాంతం హైదరాబాదు ఏలుబడి నుంచి జారి ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ చేతిలో పడడానికి ఈ రెండూ దారి తీశాయి. మన చరిత్ర పుస్తకాల్లో ప్లాసీ యుద్ధానికి దక్కిన చోటు బందరుకు దక్కలేదు. తెలుగువారికి సంబంధించినంతవరకు బందరే ముఖ్యం.

ఫ్రెంచివారి చేతిలో సర్కారులు

చికాకోలు, రాజమహేంద్రవరం, ఏలూరు, కొండపల్లి, గుంటూరు అనే అయిదింటినీ కలిపి ఉత్తర సర్కారులు అనేవారు. బెజవాడ పరిసరాలు కొండపల్లి సర్కారులోవి. ఫ్రెంచివారు 1750లో బందరును, అంటే మచిలీపట్నాన్ని, పట్టుకున్నారు. మరుసటి ఏడు ఫ్రెంచి సేనాని బుస్సీ అండతో సలాబత్ జంగ్ దక్కను సుబేదారు అయ్యాడు. బుస్సీ సైన్యానికి జీతాలు చెల్లించే దారి లేక, 1753లో గుంటూరు మినహా మిగిలిన నాలుగు సర్కారుల శిస్తును అతనికి వదిలేశాడు. అలా కృష్ణా, గోదావరి రైతులు కట్టిన శిస్తు ఫ్రెంచి సిపాయిల జీతాలకు వెళ్లింది.

1757 జనవరి 24న బొబ్బిలి కోట నేలమట్టమైంది. ఆ యుద్ధంలో బుస్సీ విజయనగరం రాజు విజయరామరాజు పక్షాన నిలిచాడు. బొబ్బిలి వీరుడు తాండ్ర పాపారాయుడి చేతిలో విజయరామరాజు హతుడయ్యాక గద్దెనెక్కిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచివారితో పొసగలేదు. 1758లో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి ప్రధాన సేనాని లాలీ పిలుపు వచ్చి బుస్సీ వెళ్లిపోగానే ఆనందరాజు విశాఖపట్నాన్ని పట్టుకుని ఇంగ్లీషువారికి కబురు పెట్టాడు. మద్రాసు వాళ్లు తమ తలకు మించిన పని అన్నారు. బెంగాలులో ఉన్న క్లైవ్ మాత్రం కల్నల్ ఫోర్డును ఓడల్లో పంపాడు. చందుర్తిలో ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్స్, ఎర్రకోట్లు తొడుక్కున్న బెంగాలు సిపాయిలను చూసి తెల్లదళమని భ్రమపడి వాళ్ల మీదికి వెళ్లాడు. అసలు తెల్లదళం నిలువెత్తు పైరు మాటున ఉంది. ఫ్రెంచివారు రాజమహేంద్రవరం వదిలి బందరు దాకా వెనక్కి తగ్గారు.

బందరు ముట్టడి

బందరు కోట ఊరికి ఎడంగా, చుట్టూ బురద నేల, ఒక పక్క ఉప్పుటేరుతో ఉండేది. మార్చి మొదటి వారంలో ఫోర్డు అక్కడికి చేరాడు. లోపల ఉన్నవాళ్లే బయట ఉన్నవాళ్లకంటె ఎక్కువ. ఫోర్డు దగ్గర డబ్బు నిండుకుంది. జీతాలు అందని తెల్ల సిపాయిలు తుపాకులు పట్టుకుని తిరగబడ్డారు. కోటలో దొరికిన సొమ్మంతా మీకేనని చెప్పి వాళ్లను నిలబెట్టాడు. ఈలోగా ఇంకో ఫ్రెంచి దళం రాజమహేంద్రవరాన్ని తిరిగి పట్టుకుంది. సలాబత్ జంగ్ పెద్ద సైన్యంతో బెజవాడ చేరి, ఇంగ్లీషువారిని విడిచి రమ్మని ఆనందరాజుకు ఆజ్ఞ పంపాడు. రాజు బెదిరి ఒక రాత్రి తన బలగంతో బయలుదేరిపోయాడు కూడా. ఇంటిదారి రెండు వైపులా మూసుకుపోయిందని, బందరు కోట గెలిస్తేనే బతుకుతామని ఫోర్డు నచ్చజెప్పి వెనక్కి రప్పించాడు.

బెజవాడలో నిజాం సైన్యం, బందరులో ఇంగ్లీషు సైన్యం. నడుమ కృష్ణ ఎడమగట్టున కంకిపాడు, ఉయ్యూరు, పామర్రుల మీదుగా సముద్రం దాకా పరచుకున్న పల్లపు నేల. అప్పటికి ఆనకట్ట లేదు, కాలువలు లేవు. బెజవాడ ఆనకట్ట పూర్తయింది 1855లో. సలాబత్ జంగ్ ఆ నేల దాటి వచ్చి ఉంటే ఫోర్డు సైన్యం ముందు కోటకూ వెనుక నిజాం గుర్రాలకూ మధ్య నలిగిపోయేది. అతను కదలలేదు. ఈ జాప్యమే ఫ్రెంచివారిని ముంచిందని చెప్పాలి.

ఏప్రిల్ 7న ఫోర్డు దగ్గర మందుగుండు రెండు రోజులకు మించి లేదు. ఆ అర్ధరాత్రి మూడు వైపుల నుంచి కోట మీద పడ్డారు. స్థానికులు దాటుతుండగా చూసి తెలుసుకున్న ఊబి దారిన ఒక దళం, ఎదురుగా ఆనందరాజు మనుషులు వెళ్లి కాన్‌ఫ్లాన్స్ దృష్టి మళ్లించారు. అసలు దాడి ఈశాన్యపు బురుజు మీద జరిగింది. తెల్లవారేసరికి కోట లొంగిపోయింది. పట్టుబడినవాళ్లు పట్టుకున్నవాళ్లకంటె ఎక్కువమంది. పాండిచ్చేరి నుంచి సాయం తెచ్చిన ఫ్రెంచి ఓడలు వారం తరువాత తీరం దగ్గరికి వచ్చి, విషయం తెలిసి వెనుదిరిగాయి.

1759 మే 14న సలాబత్ జంగ్ ఇంగ్లీషువారితో ఒప్పందం చేసుకున్నాడు. మచిలీపట్నం, నిజాంపట్నం, చుట్టుపక్కల జిల్లాలు కంపెనీకి ఇచ్చి, ఫ్రెంచివారికి తన రాజ్యంలో చోటివ్వనని మాటిచ్చాడు. తీరం వెంట సుమారు 80 మైళ్లు, లోపలికి 20 మైళ్లున్న ఆ భూమిపై ఏటా నాలుగు లక్షల రూపాయలు వస్తాయని ఇంగ్లీషువారు లెక్కవేశారు. కబురు పంపి వాళ్లను పిలిపించిన ఆనందరాజుకు సర్కారుల మీద ఏ హక్కూ దక్కలేదు.

సంధి, ఆ తరువాత

1760 జనవరి 22న వందవాసిలో లాలీ ఓడాడు, బుస్సీ ఖైదయ్యాడు. 1761 జనవరిలో పాండిచ్చేరి లొంగిపోయింది. 1763 ఫిబ్రవరి 10నాటి పారిస్ సంధితో ఫ్రాన్స్ కెనడాను, స్పెయిన్ ఫ్లోరిడాను బ్రిటన్‌కు వదులుకున్నాయి. యుద్ధపు అప్పులు తీర్చుకోవడానికి బ్రిటన్ 1765లో అమెరికన్ వలసల మీద స్టాంపు పన్ను వేసింది. ఆ వలసల తిరుగుబాటుకు మొదటి కారణాలలో అది ఒకటి.

పారిస్ సంధిలోని 11వ అధికరణం సలాబత్ జంగ్‌ను దక్కను సుబేదారుగా గుర్తించింది. అప్పటికే తమ్ముడు నిజాం అలీ అతన్ని దింపి బీదరు కోటలో బంధించాడు. సంధి జరిగిన ఏడాదే సలాబత్ జంగ్ అక్కడ హతుడయ్యాడు. దక్కను ఏలిక ఎవరో పారిస్‌లో నిర్ణయించడం, ఆ నిర్ణయించినవాళ్లకు ఇక్కడి సంగతి తెలియకపోవడం ఆ కాలపు రాజకీయానికి అద్దం పడతాయి.

మిగిలిన సర్కారులు కత్తికంటె కాగితంతోనే ఎక్కువగా పోయాయి. 1765 ఆగస్టు 12న క్లైవ్ మొగలు చక్రవర్తి షా ఆలం దగ్గర వాటికి ఫర్మానా తీసుకున్నాడు. 1766లో కంపెనీ సేనాని కైయో కొండపల్లి కోటను పట్టుకున్నాడు. దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు నెరపిన రాయబారంతో ఆ నవంబరు 12న నిజాం అలీ సర్కారులను కంపెనీకి రాసిచ్చాడు. అందుకు కంపెనీ కప్పం చెల్లించాలి. నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్న గుంటూరు 1788లో చేరింది. 1823లో నిజాంకు ఒకేసారి సొమ్ము చెల్లించి కప్పం బాధ్యతనూ కంపెనీ వదిలించుకుంది. 1802 నుంచి సర్కారుల్లో శాశ్వత పరిష్కారం ప్రకారం జమీందారీ వ్యవస్థ స్థిరపడింది.

తెలుగు దేశంలో ఒక భాగం మద్రాసు కిందికి, మరో భాగం హైదరాబాదు కిందికి వెళ్లడం ఇక్కడే మొదలైంది. చట్టాలు, శిస్తు పద్ధతి, ఆఫీసు భాష, చదువులు రెండు చోట్లా రెండు రకాలుగా సాగాయి. 1956 నవంబరు 1న అవి ఒక రాష్ట్రమయ్యాయి, 2014 జూన్ 2న విడిపోయాయి. ఆ విభేదాలకు కారణాలు వెదికేవారు బందరు కోట దాకా వెనక్కి వెళ్లక తప్పదు.

పారిస్ సంధి ఫ్రెంచివారికి పాత వర్తక స్థావరాలను తిరిగి ఇచ్చింది. మచిలీపట్నంలోని వారి స్థలం 1947లో భారత్‌కు చేరింది. యానాం 1954లో ఫ్రెంచి ఏలుబడి నుంచి బయటపడింది. నేడు అది పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగం.